వెలుగును చీల్చే అద్దం

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఎప్పుడూ ఊరగాయ జాడీలూ, పిల్లల పరీక్షలూ, నెలాఖరు లెక్కలూ మాట్లాడే మనిషి ఇవాళ ప్రయోగశాలలోని సూక్ష్మదర్శిని గురించి, అందులో కాంతిని చీల్చే అద్దం గురించి మాట్లాడుతానంటే మీకు నవ్వు రావచ్చు. "పదో తరగతితో పుస్తకాలు అటకెక్కించినావిడకి ఇదెందుకమ్మా" అని మీరనుకుంటే తప్పు లేదు. రేడియోవారు కూడా మొదట అదే అడిగారు, కాస్త మర్యాదగా. ఈ అద్దం నాకు పుస్తకాల్లో పరిచయం కాలేదు. మా ఇంట్లోకి వచ్చిన ఒక దగ్గు దీన్ని నాకు చూపించింది. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను. ముందు మిమ్మల్ని ఒకసారి మీ వంటింటి కిటికీ దగ్గరికి రమ్మంటాను.

దీపాలు పెట్టే వేళ ఆ కిటికీ అద్దం ముందు నిలబడండి. బయట ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. లోపల లైటు వేశారు. అద్దంలోంచి పెరట్లో జామచెట్టు కనిపిస్తుంది. దాని కొమ్మల మధ్య మీ మొహమూ కనిపిస్తుంది. ఒకే గాజు ముక్క అటు బయటిదాన్ని చూపిస్తోంది, ఇటు లోపలిదాన్నీ చూపిస్తోంది. ఎలా? మామూలు గాజు తన మీద పడ్డ వెలుగులో నూటికి నాలుగు పాళ్ళు వెనక్కి తిప్పేస్తుంది. గాజుకు రెండు ముఖాలున్నాయి కనుక మొత్తం మీద ఎనిమిది పాళ్ళు. మిగిలినది దాదాపు అంతా దాటి వెళ్ళిపోతుంది. పట్టపగలు ఈ ఎనిమిది పాళ్ళు బయటి ఎండముందు నిలవలేవు, అందుకని మీ మొహం కనపడదు. రాత్రి బయట ఏమీ లేదు, అప్పుడు ఆ ఎనిమిది పాళ్ళదే రాజ్యం. సందెవేళ రెండూ సరిసమానంగా వుంటాయి. అంటే ఏమిటన్నమాట? మన వంటింటి కిటికీ కూడా వెలుగును రెండుగా పంచే సాధనమే. మనం దాన్ని తుడవడమే గానీ ఎప్పుడూ అలా చూడలేదు.

ఇక ఆ గాజుకు ఒకవైపు పలచగా లోహపు పూత వేస్తే ఏమవుతుంది? మన ముఖం చూసుకునే అద్దానికి వెనక రసం పూత మందంగా వుంటుంది, అందుకని వెలుగు అవతలికి పోదు. పూత బాగా పలచన చేస్తే, వచ్చిన వెలుగులో సగం తిరిగి వస్తుంది, సగం దాటిపోతుంది. దీన్నే బీమ్ స్ప్లిటర్ అంటారు. సూక్ష్మదర్శినిలో వాడేది తరచు గాజు దిమ్మెలా వుంటుంది. మైసూరుపాకు ముక్కను మూల నుంచి మూలకు కోసి, కోసిన చోట ఏదో పలచగా పూసి, మళ్ళీ అతికించేశామనుకోండి. అచ్చం అలాగే. వెలుగు ఒక ముఖంలోంచి లోపలికి వచ్చి, ఆ అతుకు దగ్గర రెండు దారులు పడుతుంది. ఒకటి తిన్నగా పోతుంది, ఒకటి పక్కకు తిరుగుతుంది. సూక్ష్మదర్శినిలో ఒకే కటకం కిందినుంచి చూపించే బొమ్మ మన రెండు కళ్ళకూ అందుతోందంటే ఇలాంటి పంపకం వల్లనే. పైన కెమేరా బిగించి, కంటితో చూస్తూనే ఫోటో తీయగలుగుతున్నారన్నా ఇదే కారణం. వైద్య కళాశాలల్లో ఒక సూక్ష్మదర్శినికి రెండు జతల గొట్టాలు వుంటాయి. ఒకదాంట్లోంచి గురువుగారు, రెండోదాంట్లోంచి విద్యార్థి, ఇద్దరూ ఒకే క్షణంలో ఒకే వస్తువును చూస్తారు. ఆ రెండో గొట్టంలోంచి ఒకరోజు నేనూ చూశాను.

ఇప్పుడు మా ఇంటి సంగతికి వస్తాను.

మాది గోదావరి పక్క వూరు. మా బావగారి కుటుంబం, మేమూ ఒకే కప్పు కింద వుంటాం. మా తోడికోడలిని నేను అక్కయ్య అంటాను. క్రిందటి సంక్రాంతి వెళ్ళాక ఆవిడకు దగ్గు పట్టుకుంది. పొయ్యి దగ్గర పోపు ఘాటు అనుకున్నాం. మిరియాల కషాయం, తమలపాకు రసం, తేనె, అన్నీ అయ్యాయి. పది రోజులైంది, ఇరవై రోజులైంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. జాకెట్లు వదులైపోతున్నాయని కుట్లు వేసుకుంటుంటే "సన్నబడ్డావే అక్కయ్యా" అని నేనే మెచ్చుకున్నాను కూడా! ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చివరికి సందు చివర వున్న ఒక చిన్న లాబుకు వెళ్ళాం. ఒక ప్లాస్టిక్ డబ్బా చేతిలో పెట్టి, "ఉమ్మి తెండి" అన్నారు. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. నలుగురు మగవాళ్ళు కూర్చుని వుండగా అక్కయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఒక మూలకు పోయి, నిజంగానే నోట్లో వున్న ఉమ్మే వూసి ఇచ్చింది. మర్నాడు కాగితం వచ్చింది, అందులో ఏమీ లేదని. మేము కొబ్బరికాయ కొట్టాం. మూడు వారాలు పోయాయి.

వాళ్ళకు కావలసింది ఉమ్మి కాదట. గుండెల నిండా గాలి పీల్చి, లోపలినుంచి దగ్గితే వచ్చే చిక్కటి తెమడ కావాలి. ఊపిరితిత్తుల్లో వున్న సూక్ష్మజీవి నోటిలోని ఉమ్మిలో ఎందుకు దొరుకుతుంది? బియ్యం బస్తాలో పురుగుందో లేదో చూడమంటే ఖాళీ చేట చూపించినట్టయింది మా వ్యవహారం. మీ ఇంట్లో ఎవరికైనా ఈ పరీక్ష రాస్తే ముందు నీళ్ళతో నోరు పుక్కిలించమనండి, గాలి బాగా తగిలే చోట, నలుగురికీ దూరంగా నిలబడి, లోతుగా దగ్గి ఇవ్వమనండి. సిగ్గు పడవలసిన పని కాదు. ఈ ఒక్క ముక్క ఆ రోజు మాకెవరైనా చెప్పివుంటే మూడు వారాలు మిగిలేవి.

తరువాత డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి, మొహం కాస్త గంభీరంగా పెట్టి, పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ రెండు సార్లు తెమడ తీసుకున్నారు. ఒకటి అప్పటికప్పుడు, రెండోది మర్నాడు తెల్లవారగానే. ఫలితం వచ్చింది. సూక్ష్మజీవులున్నాయి, కొద్దిగా వున్నాయి. క్షయ.

ఆ రోజు ఇంటికి వచ్చి నేను చేసిన మొదటి పని ఏమిటో మీకు చెప్పాలి. దాచుకుంటే ఈ ప్రసంగానికి అర్థం లేదు. అక్కయ్య మంచినీళ్ళు తాగే స్టీలు గ్లాసునూ, కంచాన్నీ తీసి విడిగా ఒక పీట మీద పెట్టాను. ఎవరూ నన్ను పెట్టమనలేదు. ఆవిడ చూసింది. ఏమీ అనలేదు. ఆ సాయంత్రం అన్నం తినలేదు.

మర్నాడు కాగితాల కోసం ఆసుపత్రికి మళ్ళీ నేనే వెళ్ళాను. ఆ పరీక్షలు చేసే అమ్మాయి ఇరవై ఏడెనిమిదేళ్ళది, చురుకైన పిల్ల. నా మొహంలో ఏం చూసిందో గానీ "ఏమ్మా, ఇంట్లో గ్లాసు వేరే పెట్టేశారా?" అని అడిగింది. నేను నీళ్ళు నమిలాను. "ఇది గ్లాసుల మీద పాకే జబ్బు కాదమ్మా, దగ్గినప్పుడు గాలిలో వచ్చే జబ్బు. మందు మొదలుపెట్టి సరిగ్గా వేసుకుంటే కొద్ది వారాల్లో ఎదుటివాళ్ళకు అంటించే శక్తి పోతుంది. కిటికీలు తెరవండి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోమనండి. గ్లాసు జోలికి పోకండి" అంది. తరువాత "దాన్ని మీరెప్పుడూ చూడలేదు కదా, రండి చూపిస్తాను" అని, నేర్చుకునే పిల్లల కోసం దాచిన ఒక స్లైడు సూక్ష్మదర్శిని కింద పెట్టి, రెండో గొట్టంలోంచి నన్ను చూడమంది.

గదిలో దీపం తీసేసింది. పక్కనుంచి చూస్తే ఆ స్లైడు మీద నీలం వెలుగు మిరుమిట్లు గొలుపుతూ పడుతోంది. సరేనని గొట్టంలోకి చూశాను. నీలం జాడ లేదు! అమావాస్య ఆకాశంలా నల్లగా వుంది. ఆ నలుపులో అక్కడొకటి, ఇక్కడొకటి, సన్నని పుల్లల్లా, కొంచెం వంకర తిరిగి, పసుపుపచ్చగా వెలుగుతున్నాయి. మిణుగురులు గుర్తొచ్చాయి. అందంగా వున్నాయి. అంత అందంగా వున్నందుకు నాకు వాటి మీద కోపం వచ్చింది.

"లోపలికి పోతున్నది నీలం కదా, పైకి వస్తున్నది పచ్చదనం. మరి ఆ నీలం ఏమైపోయింది?" అని అడిగాను. ఆ పిల్ల సంతోషపడిపోయింది. "ఇన్నాళ్ళలో చూడవచ్చినవాళ్ళు ఎవ్వరూ ఈ మాట అడగలేదమ్మా" అంది. పొగడ్త అని తెలిసినా బాగానే వుంది లెండి. ఆ పిల్ల చెప్పినదీ, తరువాత నేను అడిగీ చదివీ తెలుసుకున్నదీ కలిపి చెబుతున్నాను.

కొన్ని పదార్థాలు ఒక రంగు వెలుగును తాగి, ఇంకో రంగు వెలుగును కక్కుతాయి. దీన్ని ఫ్లోరసెన్స్ అంటారు. 1852లో ఇంగ్లండులో జార్జ్ స్టోక్స్ అనే పండితుడు ఈ సంగతి విడమర్చి, పేరు పెట్టాడు. ఆయన పరీక్షించిన వాటిలో మనకు తెలిసిన చేదు మందు, మలేరియాకిచ్చే క్వినైను కూడా వుంది. మన ఇళ్ళల్లోనూ ఇది వుంది. సబ్బుపొడితో ఉతికిన తెల్లచొక్కా ఎండలో నీలినీడతో తళతళలాడుతుందే, ఆ పొడిలో కలిపిన పదార్థం కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని తాగి నీలం వెలుగు ఇస్తుంది. బాంకులో నోటును ఊదా దీపం కింద పెడితే దారాలు మెరుస్తాయి. మన పసుపు కూడా ఇంతే. పసుపు కలిపిన నూనెను ఆ దీపం కింద పెడితే పచ్చగా వెలుగుతుంది. మా అమ్మాయి టార్చి తెచ్చి చూపిస్తే నేను నోరు వెళ్ళబెట్టాను. రోజూ పోపులో వేసే పసుపే అది!

క్షయ సూక్ష్మజీవికి మైనం లాంటి మందమైన పొర వుంటుంది. ఆరమిన్ అనే రంగును అది ఒకసారి పీల్చిందంటే, తరువాత ఆమ్లంతో కడిగినా వదలదు. చుట్టూ వున్నవన్నీ రంగు వదిలేస్తాయి, అది మాత్రం వదలదు. ఆ మొండితనమే దాన్ని పట్టిస్తుంది. ఆరమిన్ పట్టిన సూక్ష్మజీవి మీద నీలం వెలుగు వేస్తే అది పసుపుపచ్చగా వెలుగుతుంది.

చిక్కల్లా ఇక్కడే వుంది. లోపలికి వేసే నీలం వెలుగు పట్టపగటి సూర్యుడైతే, ఆ పుల్ల ఇచ్చే వెలుగు మిణుగురు. రెండూ ఒకే కటకంలోంచి రావాలి, పోవాలి. ఒకే గుమ్మంలోంచి పెళ్ళివారు లోపలికి వస్తూ వుంటే, అదే గుమ్మంలోంచి ఒక పసిపిల్ల బయటికి రావాలన్నట్టు. నీలం కొంచెం పైకి వచ్చినా మిణుగురు కనపడదు.

ఇందాకటి సగం సగం అద్దం పెడితే చాలదా? పెట్టవచ్చు. కానీ ఖర్చు చూడండి. రూపాయి వెలుగు పంపితే ఆ అద్దం దగ్గర సగం పక్కదారి పడుతుంది, స్లైడు మీదికి చేరేది అర్ధరూపాయి. సూక్ష్మజీవి ఇచ్చిన వెలుగు పైకి వచ్చేటప్పుడు అందులో మళ్ళీ సగం పోతుంది. మొత్తం మీద రూపాయికి పావలా మిగిలింది. అసలే అది మిణుగురు, దానిలో ముప్పావలా పోగొట్టుకుంటే ఏం చూస్తాం? పైగా తిరిగివచ్చే నీలంలో కూడా సగం పైకి వచ్చేస్తుంది. ఇల్లు నడిపే ఆడది ఎవరూ ఇలాంటి బేరం ఒప్పుకోదు.

అందుకని వెలుగును పాళ్ళ చొప్పున కాకుండా, రంగు చొప్పున చీల్చే అద్దం చేశారు. దాని పేరు డైక్రోయిక్ అద్దం. అంటే రెండు రంగుల అద్దం అని. నీలం వస్తే అద్దంలా వెనక్కి కొడుతుంది. పచ్చ వస్తే కిటికీలా దారి ఇస్తుంది. నూటికి తొంభై పాళ్ళకు పైగా అటు, తొంభైకి పైగా ఇటు. పక్కనుంచి వచ్చే నీలం వెలుగుకు ఎదురుగా దీన్ని నలభై అయిదు డిగ్రీల వాలులో నిలబెడతారు. నీలం దీని మీద పడి కిందికి తిరిగి, కటకంలోంచి స్లైడు మీదికి పోతుంది. సూక్ష్మజీవి ఇచ్చిన పసుపుపచ్చ వెలుగు అదే కటకంలోంచి పైకి వచ్చి, అద్దాన్ని దాటి, తిన్నగా మన కంటికి చేరుతుంది. తిరిగివచ్చే నీలం మళ్ళీ దీపం వైపుకే పంపబడుతుంది. వెలుగు అలలకు కొలతలున్నాయి. ఆ నీలానికి సుమారు 450 నానోమీటర్లు, పచ్చకు 520, 550. అద్దం వాటి మధ్య, 500 దరిదాపుల గీత గీసి కూర్చుంటుంది.

అయినా కొంచెం నీలం తప్పించుకు వస్తుంది. దాన్ని ఆపడానికి పైన ఇంకో రంగుగాజు. దీపం దగ్గర నీలం తప్ప వేరే రంగు రాకుండా మరో గాజు. ఈ రెండు గాజులూ, మధ్యలో అద్దమూ కలిపి ఒక చిన్న నల్లడబ్బాలో బిగిస్తారు. కుంకుమ భరిణె కన్న కాస్త పెద్దది, అంతే. జల్లెడ పట్టిన పిండిని మళ్ళీ వస్త్రకాళితం పట్టినట్టు, రెండు మూడు వడపోతలన్నమాట. ఇలా అద్దాన్ని మార్చుకునే వీలుతో పైనుంచే వెలుగు వేసే పద్ధతిని 1967లో హాలెండు దేశపు ప్లోమ్ అనే శాస్త్రజ్ఞుడు ప్రచారంలోకి తెచ్చాడు. అంతకుముందు రష్యాలోనూ ఈ దారిలో పని జరిగింది.

మరి గాజు ముక్కకు రంగు తెలివి ఎక్కడినుంచి వచ్చిందంటారా? మన నెమలికంఠం పట్టుచీర తలుచుకోండి. ఇటు తిప్పితే నీలం, అటు తిప్పితే పచ్చ. కానీ చీరలో ఆ చమత్కారం పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేయడం వల్ల వచ్చింది. అద్దంలో రంగే లేదు. అది నిజం నెమలికి దగ్గర, సబ్బుబుడగకు ఇంకా దగ్గర. సబ్బునీళ్ళకు రంగు లేదు, బుడగకు ఇన్ని రంగులెక్కడివి? బుడగ పొర పైముఖం నుంచి కొంత వెలుగు, లోపలిముఖం నుంచి కొంత వెలుగు తిరిగి వచ్చి కలుసుకుంటాయి. పొర మందాన్ని బట్టి ఒక రంగు అలలు ఒకదానికొకటి తోడై బలపడతాయి, ఇంకో రంగు అలలు ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. ఒక్క పొర ఇంత చేస్తే, లెక్క ప్రకారం వేసిన పదుల కొద్దీ పొరలు ఎంత చేయాలి? మా ఆత్రేయపురం పూతరేకులు చూశారుగా. అలా గాలి తీసేసిన పెట్టెలో, రెండు రకాల పదార్థాలు ఒకదాని మీద ఒకటి, గాజు మీద పొరలుగా పూస్తారు. ఒక్కొక్క పొర తలవెంట్రుకలో వెయ్యో వంతుకు అటూ ఇటూ. మందంలో పిసరంత తేడా వస్తే నీలం దగ్గర ఆగవలసినది పచ్చ దగ్గర ఆగుతుంది. వాలు మారినా అంతే, బుడగ రంగు మనం తల తిప్పితే మారినట్టు. అందుకే ఆ డబ్బాను విప్పి సరదాగా చూసి మళ్ళీ పెడితే కుదరదు. పూత వున్న వైపు అటుది ఇటైనా పని చెడుతుంది.

మా గోదావరి, కృష్ణ తీరాల్లో దానికి ఇంకో శత్రువు వుంది. వానాకాలం చెమ్మ. ఊరగాయకు పట్టినట్టే కటకాలకూ, అద్దాలకూ బూజు పడుతుంది. ఆ అమ్మాయి సాయంత్రం పని కాగానే పరికరాన్ని చెమ్మ పీల్చే గుళికలతో కప్పి పెడుతుంది. తుడవడానికి చీరకొంగు, దూది ఏదీ పనికిరాదు, ప్రత్యేకమైన కాగితమే. "మా అత్తగారి వెండి సామాను కన్నా దీన్ని జాగ్రత్తగా చూస్తానమ్మా" అని నవ్వింది.

ఇక్కడ ఒక చిన్న మాట చెప్పి ముందుకు పోతాను. మన సి.వి. రామన్ గారు పుట్టింది తిరుచిరాపల్లిలో అయినా, పెరిగి చదువుకున్నది విశాఖపట్నంలో. తండ్రిగారు అక్కడి ఎ.వి.ఎన్. కాలేజీలో అధ్యాపకులు. పదకొండో ఏటే మెట్రిక్ పాసయ్యారట. నేను పదహారో ఏట పాసై ఊరంతా మిఠాయిలు పంచుకున్నాను. ఆయన 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో కనిపెట్టిన దానిలో కూడా ఈ రంగుగాజుల ఉపాయమే వుంది. ఎండను ఊదారంగు గాజులోంచి ఒక ద్రవంలోకి పంపారు. అవతల పచ్చ గాజు అడ్డం పెట్టారు. ఊదా వెలుగు పచ్చ గాజును దాటలేదు కనుక చీకటి కావాలి. కానీ సన్నగా వెలుగు కనిపించింది. అంటే ద్రవంలో వెలుగు రంగు మార్చుకుందన్నమాట. మొదట అది బలహీనమైన ఫ్లోరసెన్స్ అనుకున్నారు. అది కాదని, వేరే విశేషమని ఆయనా, కె.ఎస్. కృష్ణన్ గారూ తేల్చారు. 1930లో నోబెల్ బహుమానం వచ్చింది. రెండు రంగుగాజులు, నడినెత్తి ఎండ, ఒక చూసే కన్ను. అంతే సామాను.

మళ్ళీ మన తెమడ పరీక్షకు వద్దాం. ఈ అద్దం వల్ల రోగికి ఒరిగేదేమిటి? పాత పద్ధతిలో సూక్ష్మజీవికి ఎరుపు రంగు వేసి, నీలం నేల మీద వెతుకుతారు. దానికి అన్నిటికన్న పెద్ద కటకం కావాలి. ఆ కటకంలో ఒకసారికి కనిపించే జాగా చాలా తక్కువ. అలా వంద జాగాలు వెతికితే గానీ లేదని చెప్పకూడదు. బియ్యంలో రాళ్ళు చిటికెడు చిటికెడుగా ఏరినట్టు. ఫ్లోరసెన్స్‌లో అవి చీకట్లో వెలుగుతుంటాయి కనుక చిన్న కటకం చాలు. నూరు రెట్ల కటకం బదులు ఇరవై రెట్ల కటకం వాడితే, ఒక్క చూపులో పాతిక రెట్ల జాగా కనిపిస్తుంది. బియ్యం పళ్ళెంలో పరిచి చూసినట్టు. పని తొందరగా అవుతుంది, కన్ను అలసిపోదు. సగటున పాత పద్ధతి కన్న నూటికి పది పాళ్ళు ఎక్కువగా ఈ పద్ధతి జబ్బును పట్టుకుంటుంది. ఒకప్పుడు దీనికి పాదరసపు దీపం కావలసి వచ్చేది. రెండు మూడు వందల గంటలకే మార్చాలి, ఖరీదు ఎక్కువ. చల్లని ఎల్.ఇ.డి. దీపాలు వచ్చాక ఆ బాధ పోయింది, అవి వేల గంటలు వెలుగుతాయి. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత సూక్ష్మదర్శినుల స్థానంలో వీటిని పెట్టుకోవచ్చని చెప్పింది.

అయితే దీన్ని కూడా దేవుణ్ణి చేయకండి. ఒక మిల్లీలీటరు తెమడలో అయిదు నుంచి పది వేల సూక్ష్మజీవులుంటే గానీ ఏ సూక్ష్మదర్శినిలోనూ నిలకడగా కనిపించవు. కనపడలేదంటే లేదని కాదు. ఇప్పుడు జిల్లా ఆసుపత్రుల్లో సీబీనాట్, ట్రూనాట్ అనే పరీక్షలున్నాయి. అవి సూక్ష్మజీవి లోపలి జన్యు పదార్థాన్ని పెంచి చూస్తాయి. చాలా తక్కువ వున్నా పట్టుకుంటాయి, ముఖ్యమైన మందుకు లొంగుతుందో లేదో కూడా చెబుతాయి. ఆ పెట్టెల లోపలా జరిగేది రంగు వెలుగు వేసి, మరో రంగు వెలుగును విడదీసి కొలవడమే.

అక్కయ్యకు ఆ పరీక్ష కూడా చేశారు. మందుకు లొంగుతుందని తేలింది. మార్చి మొదటివారంలో మందులు మొదలుపెట్టారు. మందులు ఉచితమే. పోషకాహారానికని ప్రభుత్వం 2018లో నెలకు అయిదు వందల రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టి, 2024 నవంబరు నుంచి వెయ్యి చేసింది. ఆ డబ్బుతో గుడ్లూ, పల్లీలూ తెచ్చేదాన్ని. రెండు నెలలకే దగ్గు పోయింది. "ఇంక చాల్లేవే, ఒళ్ళంతా వేడి చేసింది" అని మానేయబోయింది. ఆరునెలలూ మానకూడదన్నారు కదా, నేను ఎదురుగా నిలబడి మింగించాను. తిట్టుకుంటూ మింగింది.

గ్లాసు సంగతి అడుగుతారేమో. ఆసుపత్రినుంచి వచ్చిన రోజే తీసి అందరి గ్లాసుల్లో కలిపేశాను. కంచమూ అంతే. క్షమించమని నోటితో అడగలేకపోయాను. ఆ రాత్రి అక్కయ్యతో కలిసి ఒకే పీట దగ్గర కూర్చుని తిన్నాను. "కిటికీ తెరిచి కూర్చో" అంది ఆవిడ. అంతే మా మధ్య జరిగిన మాట.

సెప్టెంబరులో చివరి పరీక్షకు ఇద్దరం వెళ్ళాం. ఈసారి డబ్బా ఎలా నింపాలో అక్కయ్యే పక్కావిడకు నేర్పుతోంది. ఆ అమ్మాయి స్లైడు చూసి, మేము అడక్కముందే రెండో గొట్టం వైపు చెయ్యి చూపించింది. అక్కయ్య కళ్ళజోడు తీసి వొంగి చూసింది. చాలాసేపు చూసింది.

"ఏమీ లేదేమిటే, వట్టి చీకటేగా!" అంది నాతో.

"అదే కావాలమ్మా" అంది ఆ పిల్ల, దీపం ఆర్పేస్తూ.